మూలన కూర్చున్న రాణి

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగంలో ఏం చేశావో చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. పంపులు, మోటార్ల సంగతి భోజనాల ముందు ఎవరికీ రుచించదు. అందుకని చదరంగం గురించి మాట్లాడతాను, అదీ ఒకే ఒక్క ఎత్తు గురించి. ఆ ఎత్తు విషయంలో మా లెక్కల మాస్టారికి నేనొక జవాబు బాకీ ఉన్నాను. ఆయన ఇక్కడే ఉన్నారు కాబట్టి ఈసారి తప్పించుకునే వీల్లేదు.

1984లో నేను తొమ్మిదో తరగతి. అప్పటికి హంపి, హరికృష్ణ ఇంకా పుట్టనే లేదు. మన దేశంలో ఒక్క గ్రాండ్‌మాస్టర్ కూడా లేడు. మా ఇంట్లో తాతగారు ఆ కాయను 'మంత్రి' అనేవారు. బడికొస్తే మాస్టారు 'రాణి' అన్నారు. మంత్రి రాణి ఎప్పుడయ్యాడని అడిగితే, "ముందు ఆట నేర్చుకోరా, తర్వాత చరిత్ర" అన్నారు. నేను పిరికిగా ఆడతానని ఆయనకు తెలుసు. అందుకే నెమ్మదైన ఆరంభం ఒకటి నేర్పారు: గుర్రాన్ని ఎఫ్3కి తీయి, శకటులను రెండు పక్కలా మూలగీతల మీద పెట్టు, రాజును కోటలో భద్రం చెయ్యి, మధ్యలోకి తొందరపడి వెళ్ళకు. దాన్ని రెటీ ఓపెనింగ్ అంటారని నాకు చాలాకాలం తెలియదు.

ఆ ఏడు అంతర పాఠశాలల పోటీలో ఆఖరి ఆట నాది. నేను గెలిస్తే కప్పు మన బడికి వస్తుంది. సి వరుస తెరుచుకుంది. నా ఏనుగు సి2లో ఉంది. ఎదుటివాడి కాయలన్నీ నా రాణి వైపే చూస్తున్నట్టు అనిపించింది. భయమేసి 13వ ఎత్తులో రాణిని డి1 నుంచి ఎ1కి, అంటే తెల్లవారి ఎడమచేతి వైపు చివరి గడిలోకి నెట్టేశాను. ఆ తర్వాత వాడు నా రాజు మీదకి వచ్చాడు. రాణి మూలనుంచి చూస్తూ ఉండిపోయింది. కప్పు పోయింది. మర్నాడు మాస్టారు నా నోట్‌బుక్ తీసుకుని 13వ ఎత్తు పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టారు. ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణి.

ఇంజనీరింగ్ చదువుతుండగా కాలేజీ లైబ్రరీలో 1924 న్యూయార్క్ టోర్నమెంటు ఆటల పుస్తకం దొరికింది. అలేఖిన్ వ్యాఖ్యానించినది. ఎనిమిదేళ్ళుగా ఓటమి ఎరగని కపాబ్లాంకాను రిచర్డ్ రెటీ ఓడించింది ఆ టోర్నమెంటులోనే. పేజీలు తిప్పుతుంటే రెటీకీ యేట్స్‌కీ జరిగిన ఆట కనబడింది. 13వ ఎత్తు: రాణి ఎ1. గుండె ఝల్లుమంది. ఆ రాత్రే మాస్టారికి ఉత్తరం రాశాను, నా ఎత్తు తప్పు కాదని, వియన్నాలో గణితం చదివిన రెటీయే అది ఆడాడని. ఎంత గర్వంగా రాశానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వారానికి పోస్టుకార్డు వచ్చింది. రెండే వాక్యాలు: "రెటీ ఆ తరువాత ఏమి ఆడాడు? నీవేమి ఆడావు?"

జవాబు రాయలేదు. పరీక్షలు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. కార్డు మాత్రం దాచుకున్నాను.

మూడేళ్ళ కిందట అబ్బాయి కంప్యూటర్‌లో చదరంగం ఆటల భాండాగారం పెట్టి ఇచ్చాడు. సాయంత్రాలు దాని ముందే. ఆ రాణి ఎత్తు మంచిదా చెడ్డదా అని యంత్రాన్ని అడిగితే ఒక అంకె చూపిస్తుంది, కారణం చెప్పదు. పంపు ఆగిపోతే మేము ఆగిన క్షణం ఒక్కటే చూడం, లాగ్‌బుక్‌లో దానికి ముందు గంటా తర్వాత గంటా చూస్తాం. ఇక్కడా అలాగే చేశాను.

ముందు సంగతి. ఎ1కి రాణి ఒక్క ఎత్తులోనే వెళుతుంది. కానీ ఆ దారి ఖాళీ కావాలంటే శకటు బి2కి, గుర్రం డి2కి, ఏనుగు సి1 మీదుగా సి2కి వెళ్ళి ఉండాలి. అప్పుడు బి2 శకటు, దాని వెనక రాణి ఒకే మూలగీత మీద నిలుస్తాయి. ఆ గీత నల్లవారి ఇ5 బంటును తాకుతుంది. ఎఫ్3 గుర్రం చూసేదీ ఆ బంటునే. కొట్లాటలో ముందు నిలిచేది శకటు, విలువైన రాణి వెనక. పైగా రాణి తప్పుకోవడంతో రెండో ఏనుగు ఎఫ్1 నుంచి నేరుగా సి1కి వచ్చి మొదటిదానికి తోడు నిలబడుతుంది. రెటీ మరుసటి ఎత్తులో చేసింది అదే. తర్వాత డి2 గుర్రాన్ని ఇ3కి తెచ్చి, 17వ ఎత్తులో డి4 తోశాడు. నల్లబంటు ఇ4కి వెళ్ళింది. ఖాళీ అయిన ఇ5లో తెల్లగుర్రం దిగింది. ఆట రెటీ గెలిచాడు.

అక్కడితో ఆగితే నా పక్షానికి బాగుండేది. కానీ అదే టోర్నమెంటులో రెటీ ఈ వ్యూహాన్నే లాస్కర్ మీద కూడా ప్రయోగించాడు. 14వ ఎత్తులో రాణి ఎ1కి వెళ్ళింది. ఈసారి ఏనుగును గుర్రానికి ఇచ్చేసి మరీ ఇ5 బంటును కొట్టాడు. ఆపైన 25వ ఎత్తు చూసి నేను కుర్చీలోంచి లేచాను. రాజును హెచ్2లోకి తప్పించి, రాణిని ఎ1 నుంచి హెచ్1కి, ఒక మూల నుంచి మరో మూలకు, ఒక్క ఎత్తులో తీసుకెళ్ళాడు! అక్కడ జి2 శకటు వెనక నిలబడితే రెండో మూలగీత దొరికింది. మరుసటి ఎత్తులో గుర్రం డి5 బంటును కొట్టింది. అంత అందంగా ఆడీ రెటీ ఓడిపోయాడు. లాస్కర్‌కి అప్పుడు 55 ఏళ్ళు, ఇప్పుడు నా వయసు. ప్రపంచ విజేత పదవి పోయి మూడేళ్ళయిన ఆ మనిషి ఆ టోర్నమెంటునే గెలిచాడు. ఈ వయసులో ఆ సంగతి నాకు ఎంత నచ్చిందో మీరు ఊహించగలరు.

ఇక నా లాగ్‌బుక్. 1984 నోట్‌బుక్ తెరిచాను. 14: ఎ3. 15: హెచ్3. 16: రాజు హెచ్2. 17: రాజు మళ్ళీ జి1. నవ్వకండి, చదువుతుంటే నాకూ నవ్వొచ్చింది. ఎఫ్1 ఏనుగు కదలలేదు. డి4 తోయలేదు. ఆట ముగిసేదాకా రాణి ఎ1లోనే. రెటీ రాణిని మూలకు పంపింది ఇ5 కోసం, నేను దాచుకోవడం కోసం. ఎత్తు ఒకటే.

మాస్టారూ, మీ కార్డుకి ఇదీ నా జవాబు. 35 ఏళ్ళు ఆలస్యమైంది, మన్నించండి. అయితే ఒక్క చోట మీతో తగాదా ఉంది. మీరు ప్రశ్నార్థకం 13వ ఎత్తు పక్కన పెట్టారు. అది 14వ ఎత్తు పక్కన ఉండాలి. నోట్‌బుక్, బోర్డు, ఎర్ర కలం మూడూ సంచిలో ఉన్నాయి. భోజనాలయ్యాక ఆ వేపచెట్టు కింద కూర్చుందాం. తెల్లకాయలు మీరే తీసుకోండి.