ఉప్పు పన్ను, సంక్షేమపు లెక్క

ప్రభుత్వానికి అవసరమైన రాబడిని ప్రజల సంక్షేమానికి వీలైనంత తక్కువ నష్టంతో సమకూర్చుకోవడం ఎలా అన్నదే అభిలషణీయ పన్నుల సిద్ధాంతం విచారించే సమస్య. ఆర్థికవేత్త పిగూ సూచించిన ఈ సమస్యకు 1927లో కేంబ్రిడ్జి గణితవేత్త ఫ్రాంక్ రామ్సే ఒక సమాధానం చెప్పాడు. పన్ను వల్ల ధర పెరిగి జనం కొనుగోళ్లు తగ్గించుకున్నప్పుడు ఖజానాకూ చేరక, ప్రజలకూ దక్కక పోయే నష్టాన్ని అదనపు భారం అంటారు. వస్తువుల గిరాకీలు ఒకదానిపై ఒకటి ఆధారపడనప్పుడు, ధర పెరిగినా గిరాకీ పెద్దగా తగ్గని వస్తువులపై, అంటే అవ్యాకోచ గిరాకీ గల వస్తువులపై, ఎక్కువ రేటు వేస్తే ఆ భారం తగ్గుతుందని ఆయన విశ్లేషణ వల్ల తేలుతుంది.

ఈ లెక్కన ఉప్పును మించిన పన్ను వస్తువు దొరకదు. 1923లో కేంద్ర శాసనసభ కాదన్నా వైస్రాయి రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో మణుగుకు రూపాయి పావలా ఉన్న ఉప్పు పన్నును రెండున్నర రూపాయలు చేశాడు; మరుసటి ఏడే దాన్ని పాత రేటుకు దించవలసి వచ్చింది. ఎంత ధరైనా ఉప్పు కొనక తప్పదు కనుక అదనపు భారం స్వల్పమే. కానీ పొలంలో చెమటోడ్చే కూలీ ఇంటి ఖర్చులో ఆ పన్ను ఒక బరువు, జమీందారు ఇంట్లో అది లెక్కలోకే రాదు. ఏ గుణం వల్ల ఉప్పు పన్ను ఖజానాకు అనుకూలమైందో ఆ గుణమే దాన్ని పేదవాడిపై మోపింది. దండి యాత్రకు రెండు నెలల ముందు, 1930 జనవరిలో, ఇరవై ఆరేళ్లకే మరణించిన రామ్సే పంపిణీ ప్రశ్నను తన విశ్లేషణలో పరిగణించలేదు. దాన్ని ఆయన తెలిసే పక్కన పెట్టాడు, ఆ సంగతి మరచి సూత్రాన్ని మాత్రమే వల్లించడం అన్యాయం.

ఆ కొరతను తీర్చే దారిలో ఆర్థికవేత్త జేమ్స్ మిర్లీస్ 1971లో ఆదాయపు పన్నును పరిశీలించాడు. మనిషి సంపాదన శక్తి ప్రభుత్వానికి కనబడదు, ఆదాయం మాత్రమే కనబడుతుంది కనుక, అదనపు రూపాయిపై పడే ఉపాంత రేటు మరీ పెరిగితే సమర్థుడు సంపాదన తగ్గించుకుంటాడు. 1970ల తొలినాళ్లలో మన దేశంలో ఆ రేటు గరిష్ఠంగా 97.75 శాతానికి చేరింది. దాన్ని తగ్గించమని ప్రత్యక్ష పన్నులను పరిశీలించిన వాంఛూ కమిటీ సిఫారసు చేసింది.

ఆదాయపు పన్ను పకడ్బందీగా ఉంటే, కొన్ని షరతులకు లోబడి, వస్తువులపై వేర్వేరు రేట్లు అక్కరలేదని ఆట్కిన్సన్, స్టిగ్లిట్జ్ 1976లో నిరూపించారు. అత్యధికుల సంపాదన పద్దులకే ఎక్కని భారతదేశంలో ఆ సౌకర్యం లేదు కనుక పంపిణీ బాధ్యతలో కొంత పరోక్ష పన్నులు మోయవలసిందే. 2017లో వచ్చిన జీఎస్‌టీలో ఉప్పుకు పన్ను లేకపోవడం ఆ దృష్టితో సర్వథా సమర్థనీయం. ఏ వస్తువుపై మరో రూపాయి రాబడితే సంక్షేమం ఎంత తరుగుతుందో భారతీయ పరోక్ష పన్నులకు 1984లోనే ఎహ్తెషామ్ అహ్మద్, నికొలస్ స్టెర్న్ లెక్కగట్టగా, పేదవాడి రూపాయికి ఇచ్చే విలువను బట్టి వస్తువుల వరుస మారింది. రేట్లు మార్చిన ప్రతిసారీ ఆ విలువ ఎంతగా ఎంచారో జీఎస్‌టీ మండలి ప్రజలకు వెల్లడించాలి.