ఫోను పద్దు చేసేముందు సంఘాన్ని చూడాలి



మన అనంతపురంలో ఒకరు బోరు లోతుకు దించితే పక్క చేనోళ్ళ బోరు ఎండుతుంది. 2000ల్లో ఎఫ్ఏఓ సాయంతో మన జిల్లాతో కలిపి ఏడు జిల్లాల్లో భూగర్భజల పథకం నడిచింది. రైతులే వాన, బోర్ల నీటిమట్టం కొలిచి, ఉన్న నీళ్ళను బట్టి రబీ పంటలు ఎంచుకున్నారు. తమ ఒక్క బోరే కాదు, ఊరి నీళ్ళంతా చూశారు.

పద్దులు రాసే ఫోను యాప్‌నూ అట్లే చూడాల. మా సంఘంలో ఒకామెకు వాన లేక శెనక్కాయ పోయింది, కంతు ఆగింది. యాప్‌లో ‘బకాయి’ అని పడింది. ఎందుకని రాసే చోటు లేదు. సంఘం గ్రేడు తగ్గింది, తర్వాతి అప్పూ తగ్గింది. విత్తనానికి ఆమె వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయింది. ఆ వడ్డీ కట్టేసరికి మళ్ళీ మన కంతు ఆగింది. బకాయే బకాయిని పెంచింది.

అందుకే యాప్ చేసేవాళ్ళు ముందు మన సమావేశానికొచ్చి చాప మీద కూర్చోవాల. మనం అడిగేవి మూడు: కారణం రాసే చోటు, పంట చేతికొచ్చే కాలాన్ని బట్టి కంతులు, సిగ్నల్ లేకున్నా నడుస్తూ, చదువు రానామెకు మాటల్లో చెప్పే పద్దు.

అయితే చోటుంది కదా అని కట్టగలిగినోళ్ళూ కారణాలు చెబితే మన పొదుపే మునుగుతుంది. ఏది నిజమైన కష్టమో సమావేశంలో అందరం కూర్చుని తేల్చి, తీర్మానం రాసుకోవాల. ఆ పని ఏ యాపూ చేయలేదు. అది మనదే.