పంచాయతి పదవిని పాటకు పెట్టవచ్చునా?

(జనగామ పఠనమందిరమున గావించిన ఉపన్యాస పాఠము)



2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలో తెలంగాణపు పల్లెలు మూడు విడతలుగా ఓటు వేసినవి. వార్డు సభ్యునికి తెల్లని పత్రము, సర్పంచికి గులాబి వన్నె పత్రము. పార్టీ గుర్తులు లేవు. ఉదయము ఏడు గంటలకు ఆరంభమైన పోలింగు మధ్యాహ్నము ఒంటిగంటకు ముగిసినది. నాడే లెక్కయు జరిగినది. ఈ యెన్నికను చూచి మనమందరము సంతసించితిమి. అయినను సంతోషముతోనే ఊరకుండరాదు. ఓటరు హక్కునకు రెండు దిక్కులనుండి ముప్పు వాటిల్లుచున్నది. ఆ రెంటిని గూర్చియే నేడు విన్నవింపదలచితిని.

మొదటిది జాప్యము. 2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గముల గడువు 2024 జనవరి మాసాంతమున తీరినది. పంచాయతి ఆయువు ఐదేండ్లేయనియు, అది తీరకమునుపే మరల ఎన్నిక ముగియవలెననియు రాజ్యాంగము 243ఇ అధికరణమున విధించినది. 2006లో సుప్రీంకోర్టు ఈ విధిని గట్టిగా నొక్కి చెప్పినది. అయినను మన పల్లెలు ఇంచుమించు 23 మాసములు ప్రత్యేకాధికారుల పాలనలో నుండెను. వెనుకబడిన తరగతులకు ఎన్ని స్థానములు కేటాయింపవలెనను వివాదము తేలకుండుట యొక కారణము. ఆ తరగతుల కోరిక న్యాయమైనదే. కాని వారికి రావలసిన పదవులు కూడ ఆ కాలమందు ఎవరికిని దక్కలేదు గదా! అధికారి సమర్థుడే కావచ్చును. ఆయన జవాబు చెప్పవలసినది పైవారికి. వీధిలో దీపము ఆరినప్పుడు, మురుగుకాలువ పూడినప్పుడు గడపకు పోయి నిలదీయుటకు ఆయన ఊరివాడు కాడు. పైగా ఎన్నికైన పాలకవర్గము లేని పంచాయతికి 15వ ఆర్థికసంఘపు నిధులు విడుదల కాలేదు. జాప్యమునకు వెల చెల్లించినది పల్లెయే.

రెండవది అంతకంటె ప్రమాదకరము. ఎన్నిక వచ్చినప్పుడెల్ల సర్పంచి పదవిని వేలము వేసిన వార్తలు పత్రికలలో చదువుచున్నాము. నామపత్రములు వేయక పూర్వమే పెద్దలు కూడుదురు. గుడి కట్టింతునని యొకడు, బోరు వేయింతునని మరియొకడు పాట పాడును. హెచ్చు పాడినవాడే నామపత్రము వేయును, తక్కినవారు మానుకొందురు. చెల్లునట్టి నామపత్రము ఒక్కటే యున్నచో పోలింగు లేకయే ఆ యభ్యర్థి ఎన్నికైనట్లు అధికారి ప్రకటించును. దానికి ఏకగ్రీవమని పేరు! ఇట్టి వేలము చట్టవిరుద్ధమని రాష్ట్ర ఎన్నికల సంఘము హెచ్చరించుచునే యున్నది.

ఊరికి గుడి వచ్చినది గదా, నష్టమేమని కొందరందురు. నష్టము నాకు తోచినట్లు చెప్పెదను. లక్షలు పోసి కొన్నవాడు ఆ లక్షలను ఎక్కడనుండి రాబట్టుకొనును? కూలివానికి, కౌలుదారునికి ఆ పాటలో చోటెక్కడ? స్త్రీలకును, దళితులకును, గిరిజనులకును చట్టము ప్రత్యేకించిన స్థానమునందు సయితము ధనికుడు తన మనిషిని నిలిపి పాట పాడినచో ఆ కేటాయింపునకు మిగులునది కాగితమే. మనస్ఫూర్తిగా ఊరంతయు ఒక యోగ్యునిపై ఏకాభిప్రాయమునకు వచ్చుట వేరు. అది పూజ్యమే. అచట డబ్బు చేతులు మారదు. పోటీకి రాదలచినవానిని ఎవరును అడ్డగింపరు.

జనగామవారికి ఈ మాట కొత్తగా చెప్పనక్కరలేదు. నిజాం పాలనలో పటేలు, పట్వారీ పదవులు వంశపారంపర్యములు. ఊరిపై పెత్తనము పుట్టుకతో వచ్చెడిది. వెట్టికి బలియైన జనము తిరుగబడగా, 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకి గుండ్లకు దొడ్డి కొమరయ్య కూలెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దేశముఖునకు వదలక నిలిచెను. ఆ యూళ్లు నేడు మన జనగామ జిల్లాలోనివే. పుట్టుకతో వచ్చు పెత్తనమును ఎదిరించిన నేలపై రూకలతో వచ్చు పెత్తనమును మన్నింతుమా?

ఇంగ్లండు దేశపు పల్లెలను గూర్చియు ఒక మాట. అచట 1894 నాటి చట్టము గ్రామములకు పారిష్ కౌన్సిళ్లను ఏర్పరచినది. వానియందు స్త్రీలకును ఓటు వేయుటకు, నిలుచుటకు హక్కు నిచ్చినది. అచటను నేడు పోటీ లేని స్థానములు అనేకములు. నిలుచువారు చాలక, ఖాళీలను కౌన్సిలు సభ్యులే తమకు నచ్చినవారితో నింపుకొనుట కలదు. అచటి రోగము జనుల ఉదాసీనత. ఇచటి రోగము ధనము. రెండు చోట్లను ఓటరు చేతిలోని పత్రము పెట్టెలో పడకయే పోవుచున్నది.

కావున మనము చేయదగిన దేమి? 2018 నాటి తెలంగాణ పంచాయతిరాజ్ చట్టము ప్రకారము రెండు మాసముల కొకసారియైనను గ్రామసభ కూడవలెను. ఆ సభకు పొండు. జమాఖర్చులు చదివి వినిపింపుమని అడుగుడు. అక్షరము రానివారికి మీరే చదివి చెప్పుడు. పఠనమందిరములు ఉన్నది అందులకే. ఇకముందు మీ యూర పాట జరుగనున్నదని విన్నచో పాట ముగియకమునుపే అధికారులకు తెలుపుడు. పోటీకి నిలిచిన బీదవానికి మీలో నొక్కడైనను ప్రతిపాదకుడై సంతకము చేయుడు.

ఐదేండ్లకు ఒక్కమారు వచ్చు ఆ పత్రము మన పెద్దలు నెత్తురు ధారపోసి తెచ్చిన ఆస్తి. దానిని అమ్ముటకు ఊరిపెద్దలకు గాని, కొనుటకు ధనికునకు గాని హక్కు లేదు.