ప్రమాద రేఖకు చట్టబలం

తీరంలో ఎవరు ఏం కట్టుకోవచ్చో, నీటికి ఎంత దూరంలో కట్టుకోవచ్చో మన దేశంలో ఒక గీతను బట్టి తేలుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల పెద్ద పోటుకు నీరు ఒడ్డున ఎంతవరకు ఎక్కుతుందో అదే ఆ గీత. చట్టభాషలో దాని పేరు హై టైడ్ లైన్, అంటే పోటు గీత. ఆ గీత నుంచి 500 మీటర్ల వరకు తీరాన్ని ఖాళీగా ఉంచాలని ఇందిరాగాంధీ 1981లో తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు రాశారు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991 ఫిబ్రవరి 19న వెలువడిన తీర నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ ఆ 500 మీటర్లనే నియంత్రణ పరిధిగా తీసుకుంది. 2011లో, 2019లో దాని స్థానంలో కొత్త నోటిఫికేషన్లు వచ్చాయి. ఈ చరిత్ర అందరూ ఎరిగినదే.

ఆ గీత వెనుకనున్న శాస్త్రం విషయానికొస్తే, అమెరికా నుంచి 1952లో వాల్తేరు వచ్చిన శాస్త్రవేత్త లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్రానికి దారి వేశారు. ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికి అంకితమో ఆ ఆచార్యులు ఆ ఒరవడిలో తయారైనవారు. చెప్పులు విడిచి ఇసుకలో నడవనిదే తీరం గురించి ఒక్క వాక్యమూ రాయకూడదన్నది ఆయన నియమం. ఈ ఉపన్యాసం ఆ నియమానికి లోబడినదే.

సముద్రమట్టం పెరుగుతోందన్న విషయంలో వివాదం లేదు. వాతావరణ మార్పుపై అంతర్‌ప్రభుత్వ సంఘం 2021 నివేదిక ప్రకారం 1901–2018 మధ్య ప్రపంచ సగటు మట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తర్వాత ఆ వేగం ఏటా 3.7 మిల్లీమీటర్లకు చేరింది. ఆంధ్ర తీరానికి సంబంధించి ఆచార్య కె. నాగేశ్వరరావు బృందం 2008లో ప్రచురించిన అధ్యయనం ఉంది. అందులో 1,030 కిలోమీటర్ల తీరంలో 43 శాతం అత్యధిక ప్రమాద శ్రేణిలోకి వచ్చింది. గోదావరి డెల్టాకు మరో కష్టమూ తోడైంది. ఎగువ జలాశయాలు ఒండ్రును ఆపడంతో సముద్రానికి చేరే మట్టి తగ్గి, ఒడ్డు తనను తాను పూడ్చుకోలేకపోతోంది.

కాకినాడ దగ్గరి ఉప్పాడలో ఈ కారణాలన్నీ ఒకచోట కనిపిస్తాయి. దక్షిణాన గోదావరి ముఖం నుంచి ఉత్తరంగా పెరిగిన ఇసుక దిబ్బ కాకినాడ రేవును కాపాడుతుంది. ఆ దిబ్బ చాటు దాటిన చోట కెరటాలు నేరుగా ఉప్పాడ మీద పడతాయి. అక్కడ జియో ట్యూబులు వేశారు, బండరాళ్లు పోశారు. తుపాను వచ్చిన ప్రతిసారీ బీచ్ రోడ్డు మళ్లీ కోసుకుపోతోంది, ఇళ్లు కూలుతున్నాయి. కాగితం మీద పోటు గీత ఎక్కడున్నా, నేల మీద అది ఊరి వైపు జరుగుతూనే ఉంది.

అసలు వివాదం ఇక్కడే మొదలవుతుంది. 2011 నోటిఫికేషన్ ప్రమాద రేఖ అనే రెండో గీతను తెచ్చింది. పోటుపాట్లు, కెరటాలు, సముద్రమట్టం పెరుగుదల, తీరం కదలిక, ఈ నాలుగింటినీ లెక్కలోకి తీసుకుని ఆ రేఖ గీయాలంది. సముద్రశాస్త్రం తీర చట్టంలోకి నేరుగా అడుగుపెట్టింది అప్పుడే. 2019 జనవరి 18 నాటి నోటిఫికేషన్ ఆ రేఖను తీసివేయలేదు గానీ విపత్తు నిర్వహణకు ఒక సాధనంగా మిగిల్చింది. పోటు గీతకూ ప్రమాద రేఖకూ మధ్య నేల వినియోగాన్ని ప్రణాళికలో పరిగణించాలంటుంది. కట్టడాన్ని ఆపే శక్తి మాత్రం ఆ రేఖకు లేదు. అదే నోటిఫికేషన్ చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించిన గ్రామీణ తీరంలో కట్టడాల నిషేధిత మేరను 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. జనం ఎక్కువగా ఉన్నచోటే రక్షణ పలచబడింది.

ఈ సడలింపును సమర్థించేవారి మొదటి వాదన, ప్రమాద రేఖ అంచనా మాత్రమేనని, అనిశ్చితమైన గీత మీద ఆస్తి హక్కును పరిమితం చేయరాదని. కానీ పోటు గీత కూడా కొలతే, అంచనాయే. ఏటా కోసుకుపోయే ఒడ్డున అది ప్రమాద రేఖ కంటే తొందరగా తప్పవుతుంది. పైగా 1994లో నదీ తీరాల నిషేధిత మేరను 100 నుంచి 50 మీటర్లకు కుదించిన సవరణను సుప్రీంకోర్టు 1996లో కొట్టివేసింది. ఆ కుదింపుకు తగిన కారణం చూపలేదంది. దూరం తగ్గించేవారే కారణం చూపాలన్న ఆ సూత్రం సముద్రతీరానికీ వర్తించాలి.

రెండో వాదన మత్స్యకారుల ఇళ్లది. ఇది బరువైన వాదన. పడవ, వల కంటికి ఆనేంత దగ్గర ఉండక తప్పనివారిని రిసార్టుతో సమానంగా చూడటం అన్యాయం. ఆ అన్యాయానికి విరుగుడు వారికి ప్రత్యేక మినహాయింపు, ఊరు కదలవలసి వస్తే తీరంలోనే ప్రత్యామ్నాయ స్థలం. అందరికీ దూరం తగ్గిస్తే ఆ ఖాళీ ముందుగా డబ్బున్నవాడి చేతికి పోతుంది. పదిహేనో ఆర్థిక సంఘం కోత నివారణకు రూ.1,500 కోట్లు, నిర్వాసితుల పునరావాసానికి రూ.1,000 కోట్లు సిఫారసు చేసింది. ఎవరి ఇల్లు ప్రమాదంలో ఉందో చెప్పే రేఖకు చట్టబలం ఉంటే, ఇల్లు కూలకముందే ఆ సాయం అడిగే హక్కు వారికి వస్తుంది.

మూడో వాదన, గోడ కడితే చాలునని. రాతికట్ట తన వెనుక నేలను కొంతకాలం కాపాడుతుంది. కానీ ఒడ్డు వెంట సాగే ఇసుకను ఆపి పక్క ఊరి ఒడ్డును పలచన చేస్తుంది.

ఇక మిగిలింది రేఖను నేలకు దించే పని. ఈ ఉపన్యాసకర్త ప్రస్తుతం ఊరివారీ తీర రిజిస్టరు నమూనా తయారు చేస్తున్నారు. దానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. సెంటీమీటరు గుర్తులున్న సమానమైన రెండు కర్రలు, ఒక తాడు చాలు. ఒడ్డు వైపు మనిషి, నీటి వైపు కర్ర కొనను దిగంతంతో ఒకే చూపులో కలిపి, ఆ చూపు తన కర్ర మీద పైనుంచి ఎంత కిందికి తగిలిందో చదివితే, ఆ రెంటి మధ్య ఇసుక అంత వాలిందని అర్థం. స్థిరమైన రాయి నుంచి మొదలుపెట్టి నెలనెలా ఇలా కొలిస్తే ఒడ్డు నడక తెలుస్తుంది.

ఆ కొలతలను ఉపగ్రహ చిత్రాలతో సరిచూసి, ప్రమాద రేఖ ఏ సర్వే నంబరు గుండా పోతోందో గ్రామ సచివాలయంలో అందరికీ కనిపించేలా రాసిపెట్టాలి. చట్టం చేయవలసినవి మూడు: ఆ రేఖకు నీటి వైపున కొత్త శాశ్వత కట్టడాలను నిషేధించడం, మత్స్యకారుల నివాసాలకు మినహాయింపును స్పష్టంగా రాయడం, అయిదేళ్లకోసారి గ్రామసభ ముందు రేఖను సవరించడం.