జ్వరం వస్తే ఎవరికి చెప్పుకోవాలి?



కీమో అనగానే అందరం జుట్టు గురించే మాట్లాడతాం. జుట్టు చాలామందికి మళ్లీ వస్తుంది. నాకు భయం స్త్రీల ఓర్పు గురించి. మందు ఎక్కించాక దాదాపు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరమొచ్చినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి పోవాల్సిందే. ఆమె మాత్రం పారాసిటమాల్ మింగి, పొద్దున పిల్లల్ని బడికి పంపాక చూద్దామనుకుంటుంది. ఆ మాత్ర జ్వరాన్ని దాస్తుందే గాని ఇన్‌ఫెక్షన్‌ని ఆపదని ఆమెకి ఎవరు చెప్పారు?

ఇమ్యునోథెరపీ సంగతి వేరు. ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్‌కి వాడే పెంబ్రోలిజుమాబ్ (కొనగలిగిన వాళ్లకే అనుకోండి) శరీర రక్షణ వ్యవస్థకున్న పగ్గాలు వదులుతుంది. అది ఒక్కోసారి థైరాయిడ్ మీదా, పేగుల మీదా, ఊపిరితిత్తుల మీదా తిరగబడుతుంది, మందు ఆపిన నెలల తర్వాత కూడా. విరేచనాలు, ఆయాసం, తీరని నీరసం మొదలైతే "కాస్త ఓర్చుకో" అనేవాళ్ల మాట వినకూడదు.

నేను కలిసిన ఒకామె ఆస్పత్రి కాగితాలన్నీ భర్త జేబులో ఉన్నాయి. డాక్టరు మాట్లాడిందీ ఆయనతోనే. మీరు తోడు వెళ్లినప్పుడు మందు పేరూ, రాత్రిపూట చేయాల్సిన ఫోన్ నంబరూ తెలుగులో రాయించి తీసుకోండి. ఆ చీటీ ఆమె చేతికే ఇవ్వండి.