వీధి దీపము - పౌరుల విన్నపము



"అడుగనిదే అమ్మయైనను పెట్టదు" అని తెలుగువారి సామెత. అమ్మ విషయమున అది ఎంతవరకు నిజమో గాని, నగరపాలక సంస్థల విషయమున మాత్రము అక్షరాల నిజము. అయితే అడుగుట రెండు విధములు. దయచూపుడని వేడుకొనుట ఒకటి. బాధ్యత ఎవరిదో గుర్తెరిగి, లోపము ఎచ్చట నున్నదో తేల్చి అడుగుట మరియొకటి. వీధి దీపములకై నగరవాసులు చేయు విన్నపములు పెక్కు మొదటి విధమునకు చెందుటచేతనే నిష్ఫలము లగుచున్నవి.

పూర్వము దీపము పెట్టుట పుణ్యకార్యముగా నుండెను. దేవాలయములలో అఖండ దీపములకై ఆవులను, గొఱ్ఱెలను దానమిచ్చినట్లు తెలుగు శాసనములు పెక్కు చెప్పుచున్నవి. నగరములు పెరిగిన కొలది వీధులకును దీపములు వచ్చినవి. కలకత్తా వీధులలో 1857లో గ్యాసు దీపములు వెలిగినవి. శివసముద్రము జలపాతము నుండి వచ్చిన విద్యుత్తుతో 1905లో బెంగుళూరు వీధులు వెలిగినవి. దీపము దాత చేతినుండి పురపాలక సంఘము చేతికి వచ్చుటతో దానము పోయి పన్ను వచ్చినది. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టము ఇంటిపన్నులోని భాగములను పేర్కొనుచు, నీటి పన్నుతోపాటు దీపాల పన్నును గూడ ప్రత్యేకముగా చెప్పినది. అనగా వీధి దీపము పౌరుడు వెల చెల్లించిన వస్తువు. వెల చెల్లించినవాడు చేతులు కట్టుకొని యాచింపవలసిన పనిలేదు.

ఢిల్లీ నగరమునకు సంబంధించిన చట్టము ఈ సంగతిని ఇంకను స్పష్టముగా చెప్పుచున్నది. 1957 నాటి ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ చట్టము 42వ సెక్షనులో కార్పొరేషన్ తప్పక నెరవేర్పవలసిన విధులు గలవు. 43వ సెక్షనులో వీలునుబట్టి చేయదగిన పనులు గలవు. వీధులలో దీపములు వెలిగించుట మొదటి జాబితాలోనిది. 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగింపదగిన విషయములలో వీధి దీపములను పేరెత్తి చెప్పినది.

చట్టమింత స్పష్టముగా నుండగా చీకటి ఏల మిగిలినది? రాజధానిలో వీధి ఒకటే యైనను దాని యజమానులు పలువురు. వెడల్పైన ముఖ్య రహదారులు ఢిల్లీ ప్రభుత్వపు ప్రజాపనుల శాఖవి. కాలనీల లోపలి వీధులు కార్పొరేషన్‌వి. పార్లమెంటు పరిసరములు న్యూఢిల్లీ పురపాలక మండలివి. దండు ప్రాంతము కంటోన్మెంటు బోర్డుది. కేంద్ర ప్రభుత్వ క్వార్టర్ల ఆవరణములను పలుచోట్ల కేంద్ర ప్రజాపనుల శాఖ చూచుకొనును. ఇవి చాలక, అనేక స్థలములలో స్తంభముల మరమ్మత్తు విద్యుత్ పంపిణీ కంపెనీల పని. బస్సు దిగి క్వార్టరు చేరునంతలో ఒక ఉద్యోగిని రెండు మూడు సంస్థల ఎల్లలు దాటవచ్చును. ఆ ఎల్లలు కలియు మలుపుననే తరచు దీపముండదు. అట్టి మలుపును గూర్చిన అర్జీ ఒక కార్యాలయము నుండి మరియొక కార్యాలయమునకు తిరిగి తిరిగి, తుదకు ఏదో ఒక ఫైలులో నిద్రించును.

ఈ చీకటి వలని నష్టము సామాన్యమైనది కాదు. డిసెంబరు మాసమున ఢిల్లీలో సూర్యుడు సాయంకాలము ఐదున్నర ప్రాంతముననే అస్తమించును. కార్యాలయములు వదలునది ఐదున్నరకో, ఆరింటికో. కనుక చలికాలమంతయు ఉద్యోగులు ఇల్లు చేరుట చీకటిలోనే. ఆసుపత్రిలో, తపాలా శాఖలో, రైల్వేలో రాత్రి వంతు చేయువారి సంగతి చెప్పనక్కరలేదు. 2012 డిసెంబరులో రాజధానిలో జరిగిన ఘోరము తరువాత నియమింపబడిన జస్టిస్ వర్మ సంఘము 2013 జనవరిలో సమర్పించిన నివేదికలో, స్త్రీల రక్షణకు వీధులలో తగిన వెలుతురు అవసరమని చెప్పినది. చీకటి భయము కేవలము మనసులోనిది కాదనుటకు పరిశోధన కూడ గలదు. 2016లో న్యూయార్కు నగరమున కొన్ని ప్రభుత్వ గృహసముదాయములలో అదనపు దీపములు పెట్టి పరిశీలింపగా, రాత్రివేళ ఆరుబయట జరుగు తీవ్ర నేరములు సుమారు 36 శాతము తగ్గినట్లు తేలినది.

ఢిల్లీలో ఇట్టి స్థలములను లెక్కించు ప్రయత్నము జరుగకపోలేదు. 2013లో ప్రారంభమైన సేఫ్టిపిన్ అను సంస్థ, కార్లకు అమర్చిన సెల్‌ఫోను కెమెరాలతో నగర వీధులను రాత్రివేళ ఫోటోలు తీయించినది. 2016లో ఏడు వేలకు పైబడిన చీకటి తావులు బయటపడినవి. ఆ జాబితా సంబంధిత సంస్థలకు చేరిన పిమ్మట, తరువాతి పరిశీలనలో వాని సంఖ్య బాగుగా తగ్గినది. ఇందు గమనింపదగిన విషయమేమనగా, "నగరమంతయు చీకటిగా నున్నది" అన్న మాటకు కదలని యంత్రాంగము, "ఫలాని చోట దీపము లేదు" అన్న మాటకు కదలినది.

కావున విన్నపము వ్రాయు పద్ధతి ముఖ్యము. "మా కాలనీలో దీపములు చాలవు, దయతో మరికొన్ని మంజూరు చేయగోరుచున్నాము" అను వాక్యమును చదివిన ఇంజనీరుకు ఏ నిచ్చెనను ఎచ్చటికి పంపవలెనో తెలియదు. ఒక అమావాస్యనాడు కాలనీవాసులు నలుగురైదుగురు కలిసి, వారిలో స్త్రీలు తప్పక ఉండునట్లు చూచుకొని, బస్సు స్టాపు నుండి చివరి వరుస ఇండ్ల దాక నడువవలెను. స్తంభముపై వ్రాసియున్న సంఖ్యను, లోపమును పుస్తకములో గుర్తించుకొనవలెను. లోపములన్నియు ఒకటి కావు. స్తంభమే లేకపోవుట ఒకటి. దీపము కాలిపోవుట ఒకటి. పగలెల్ల వెలిగి రాత్రి ఆరిపోవుట ఇంకొకటి. దీపము చక్కగా వెలుగుచున్నను వేపకొమ్మలలో చిక్కి, కాకిగూటికి తప్ప బాటసారికి ఉపయోగపడకుండుట వేరొకటి. మొదటిదానికి బడ్జెటు కావలెను. రెండవదానికి ఒక మనిషి, ఒక నిచ్చెన చాలును. కొమ్మలు కొట్టవలెనన్నచో 1994 నాటి ఢిల్లీ వృక్షసంరక్షణ చట్టమును చూచుకొనవలెను. దీపమునే కొమ్మలకు దిగువగా అమర్చమనుట ఒక్కొక్కప్పుడు సులభమగు మార్గము.

ఆ వివరములను పట్టికగా వ్రాసి, ఏ వీధి ఏ సంస్థదో విడదీసి, ఎవరి పట్టిక వారికి పంపి, అందినట్లు నంబరు, తేదీ తీసికొనవలెను. ఎల్లల మలుపు విషయమున ఇరువురికిని ఒకే ప్రతి పంపి, ఆ సంగతి ప్రతిలోనే వ్రాయుట మేలు. బదులు రానిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము గలదు. దాని క్రింద అడిగిన ప్రశ్నకు సాధారణముగా 30 దినములలో జవాబు చెప్పవలసియుండును.

ఎంత వెలుతురు అడుగవలెను? దీనికిని కొలత గలదు. భారతీయ ప్రమాణముల ప్రకారము ముఖ్య రహదారులకు సగటున 30 లేక 15 లక్సులు, రాకపోకలు ఎక్కువగాగల లోపలి వీధులకు 8, తక్కువగాగల వీధులకు 4 లక్సుల కాంతి ఉండవలెను. పండువెన్నెల కాంతి సుమారు పావు లక్సు మాత్రమే గనుక, సందుకు చెప్పిన 4 లక్సులైనను అంతకు పదునారు రెట్లు. సగటుతోపాటు వెలుతురు సమముగా పరచుకొనుట కూడ ఆ ప్రమాణములలో నొక నియమము. కన్ను జిగేలుమను దీపము క్రిందనుండి ముందునకు నడచినవానికి నడుమనున్న చీకటి మరింత చిక్కగా తోచును. కాబట్టి గేటు ముందర పెద్ద దీపమొకటి అడుగుటకంటె సమదూరమున చిన్న దీపములు నాలుగు అడుగుట తెలివి. పడకగది కిటికీలోనికి కొట్టు వెలుతురు ఎవరికిని మేలుచేయదు.

వ్యయమను సాకు మునుపటియంత బలముగా లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును అతలాకుతలము చేసిన పిమ్మట, ఆ నగరపు వీధులకు ఎల్.ఇ.డి. దీపములు పెట్టిరి. 2015 జనవరి 5న ప్రారంభమైన జాతీయ వీధి దీపముల పథకము క్రింద, పెట్టుబడి కేంద్ర ప్రభుత్వ సంస్థ పెట్టగా, విద్యుత్తులో మిగిలిన సొమ్మునుండి పురపాలక సంఘములు ఏండ్ల తరబడి తీర్చు ఏర్పాటు జరిగినది. అయినను కొత్త దీపమైనంత మాత్రమున చెడిపోకుండదు, నిఘా పౌరులదే.

చివరగా చెప్పవలసినది ఒకటి గలదు. అర్జీ వ్రాయగల చేయి, కార్యాలయ మర్యాద తెలిసిన బుద్ధి ప్రభుత్వోద్యోగుల కున్నవి. ఆ యింటనే అంట్లు తోమి రాత్రి ఎనిమిది గంటలకు వెనుక బస్తీకి నడచిపోవు పనిమనిషికి అవి లేవు. స్తంభము పాతుటకు చోటులేని ఇరుకు సందులలో ఇండ్ల గోడలకే దీపములు తగిలించు పథకమును ఢిల్లీ ప్రభుత్వము 2019లో ప్రకటించినది. అట్టిదానికి గోడ ఇచ్చువారుండవలెను గదా! దీపము కావలెను గాని స్తంభము మా గుమ్మము ముందర వలదనువారి వీధి ఏనాటికిని వెలుగదు.

"దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెను" అన్నారు పెద్దలు. వీధి విషయమున ముందుగా చక్కబెట్టుకొనవలసినది ఆ దీపమునే. రానున్న అమావాస్యనాడు ప్రతి కాలనీలోని తెలుగు కుటుంబములు, భాషాభేదము లేక పొరుగువారిని కలుపుకొని, ఒక పుస్తకము, ఒక పెన్సిలు పట్టుకొని బయలుదేరునుగాక. ఆ పట్టికలో మొదటి వరుస కాలనీ వెనుక సందుదై యుండునుగాక.