కొత్త కుక్కకు ఇల్లు, తాడు అలవాటు చేయడం

కుక్కను తెచ్చిన మర్నాడే మెడకు గొలుసు వేసి బజారుకు ఈడ్చుకుపోయేవారున్నారు. బెదిరిన కుక్క కరుస్తుంది, లేదా మెడపట్టీ జార్చుకుని పారిపోతుంది.

మన బీదరులోని పశువైద్య విశ్వవిద్యాలయం బాగల్‌కోట్ జిల్లా ముధోళ్ తాలూకా తిమ్మాపూర్‌లో ముధోళ్ కుక్కల కేంద్రాన్ని నడుపుతోంది. ఇది చూపుతో వేటాడే జాతి. కుందేలు కనబడితే మన పిలుపు దాని చెవికెక్కదు. అందుకే దీనికి తాడు అలవాటు మరీ అవసరం. వీధి కుక్కపిల్లకైనా పద్ధతి ఒకటే.

మొదటి కొన్ని రోజులు ఒక మూల గోనెపట్టా పరిచి, నీళ్లు పెట్టి, దాని మానాన దాన్ని వదలండి. తిండి వేళకు పెట్టండి. పిల్లలను మీద పడనివ్వకండి. తర్వాత మెడపట్టీ వేయండి. రెండు వేళ్లు దూరేంత వదులుండాలి. దానికి తేలికైన తాడు కట్టి, మీ కళ్లెదుటే ఇంట్లో తిరగనివ్వండి. ఆపైన పెరట్లో, పూటకు ఐదు నిమిషాలు నడిపించండి. అది లాగితే మీరు ఆగిపోండి. తాడు వదులు కాగానే జొన్నరొట్టె ముక్క ఇచ్చి ముందుకు నడవండి. కొట్టకండి.

తాడు చూడగానే తోక ఊపుతోందా? అప్పుడు వీధిలోకి తీసుకెళ్లండి. అంతకుముందే పశువైద్యునికి చూపించి టీకాలు వేయించండి. పిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా మరువకండి.